మచ్చిక చరిత్ర: పెంచిన మనిషిపై పశువుకు ఆప్యాయత ఉంటుందా?

వ్యాససంగ్రహం

పశువుకు తనను పెంచిన మనిషిపై ఆప్యాయత ఉంటుందా అన్న ప్రశ్నను సాధారణంగా తత్త్వశాస్త్రానికో, జంతుశాస్త్రానికో వదిలివేస్తుంటారు. ఈ వ్యాసం దానిని చరిత్ర ప్రశ్నగా పరిశీలిస్తుంది. పశువులోని ఆప్యాయత పుట్టుకతో వచ్చే గుణమని ఒక వాదం, అటువంటిదేదీ లేదని మరొక వాదం శతాబ్దాలుగా సాగాయి. తెలుగు భాషలోని ‘మచ్చిక’ అన్న మాట ఈ రెండింటికీ భిన్నమైన అవగాహనను సూచిస్తుంది. గత ఐదు దశాబ్దాల పశు ప్రవర్తన పరిశోధనలు, ఒంగోలు, అమృతమహల్ జాతుల పెంపకపు చరిత్ర ఈ అవగాహనను చాలావరకు సమర్థిస్తున్నాయి. మచ్చిక రోజూ తాకే చేతుల వల్ల ఏర్పడుతుంది. ఆ చేతులు చాలా సందర్భాలలో యజమానివి కావు. పశుపోషణ చరిత్రను రాసేవారు ఈ అంశాన్ని పట్టించుకోవలసిన అవసరాన్ని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మచ్చిక, వాత్సల్యం, పశుపోషణ, ఒంగోలు జాతి, అమృతమహల్, పాలేరు, పశు ప్రవర్తన శాస్త్రం.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట పశువును గురించి మాట్లాడే పద్ధతులు ప్రధానంగా మూడు కనిపిస్తాయి. మొదటిది ఆరాధన. కనుమనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో దండలు వేసి పూజించడం, ఏరువాక పున్నమినాడు ఎడ్లను అలంకరించి అరక కట్టడం ఇందుకు ఉదాహరణలు. రెండవది లెక్క. సంతలో ధర, పూటకు ఇచ్చే పాలు, కాడి కింద బలం, పళ్లు చూసి చెప్పే వయసు ఈ భాషకు చెందినవి. మూడవది అనుభవం. రోజూ మేత వేసేవారు, కుడితి పెట్టేవారు, పాలు పితికేవారు, అరక తోలేవారు మాట్లాడే భాష ఇది. తమ చేతికి తప్ప ఆవు చేపదని, తమ గొంతు వింటే ఎద్దు తలెత్తి చూస్తుందని చెప్పేది వీరే.

మొదటి రెండు పద్ధతులకూ లిఖిత ఆధారాలు విస్తారంగా ఉన్నాయి. పురాణాలు, కావ్యాలు, శాసనాలు ఆరాధనను నమోదు చేశాయి. రెవెన్యూ దస్త్రాలు, పశుగణన పట్టికలు, పశువైద్య నివేదికలు లెక్కను నమోదు చేశాయి. మూడవ పద్ధతి మాత్రం ఎక్కువగా నోటిమాటగానే మిగిలింది. పశువుకు మనిషిపై ఆప్యాయత ఉంటుందా అన్న ప్రశ్నకు సాక్ష్యం చెప్పగలిగినవారు ఈ మూడవ వర్గంవారే కావడం గమనార్హం.

చర్చ స్పష్టంగా సాగడానికి ‘ఆప్యాయత’ అన్న మాటకు హద్దులు ఏర్పరచుకోవాలి. ఈ వ్యాసంలో మూడు లక్షణాలు కలిసినప్పుడే ఆ మాట వాడడం జరుగుతుంది. ఒకటి, పశువు ఒక మనిషిని మిగిలినవారి నుంచి వేరుగా గుర్తించాలి. రెండు, చేతిలో మేత లేకపోయినా ఆ మనిషి దగ్గరికి రావడానికి ఇష్టపడాలి. మూడు, ఆ మనిషి సమక్షంలో బెదురు తగ్గి నెమ్మది కనబడాలి. పశువు లోలోపల ఏమి అనుభవిస్తుందో ఈ లక్షణాలు పూర్తిగా తెలుపలేవు. అయితే బయటికి కనిపించే సాక్ష్యాన్ని తూచడానికి ఇవి చాలు.

2. దొడ్డి, దస్త్రం, మాట

దక్షిణాపథంలో పశుపోషణకు లభించే అతి ప్రాచీన ఆధారాలలో నవీన శిలాయుగపు బూడిద దిబ్బలు ముఖ్యమైనవి. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు దిబ్బను ఎఫ్. ఆర్. ఆల్చిన్ 1957లో తవ్వి, ఆ ఫలితాల ఆధారంగా దక్షిణ భారత నవీన శిలాయుగ పశుపోషకులపై 1963లో గ్రంథం ప్రచురించారు. కొయ్యలు పాతి కట్టిన దొడ్డి ఆనవాళ్లు, పేడ పోగులు పదేపదే కాలగా ఏర్పడిన బూడిద పొరలు, ఆ నేలపై పడిన పశువుల గిట్టల గుర్తులు అక్కడ బయటపడ్డాయి. మనుషులూ పశువులూ తరతరాలుగా ఒకే చోట మెలిగారనడానికి ఇది తిరుగులేని సాక్ష్యం. అయితే కంచె నిర్బంధాన్ని గురించి చెబుతుంది, గిట్ట గుర్తు ఉనికిని గురించి చెబుతుంది. ఆ రెండు జీవుల మధ్య ఎటువంటి చనువు ఉండేదో అవి చెప్పవు.

లిఖిత ఆధారాల దగ్గరికి వచ్చినా పరిస్థితి ఎక్కువగా మారదు. కౌటిల్యుని అర్థశాస్త్రం గోఅధ్యక్షుని విధులను వివరిస్తూ, ప్రతి పశువుకూ వేసిన ముద్ర, సహజమైన మచ్చ, రంగు, కొమ్ముల మధ్య దూరం నమోదు చేయాలని విధించింది. పశువును పశువు నుంచి వేరుగా గుర్తించే శ్రద్ధ ఇందులో ఉంది. కానీ ఆ గుర్తింపు ఏకముఖమైనది. మనిషి పశువును గుర్తించడమే దస్త్రానికి కావాలి. పశువు మనిషిని గుర్తించడం దానికి అవసరం లేని విషయం.

దస్త్రం వదిలిన దానిని భాష కొంత నిలుపుకుంది. సంస్కృతంలో ‘వత్స’ అంటే దూడ. పిల్లలపై పెద్దలకుండే ప్రేమకు భారతీయ భాషలన్నీ వాడుకునే ‘వాత్సల్యం’ దాని నుంచే వచ్చింది. ఆవుకు దూడపై ఉన్న ప్రేమను మనిషి తన ప్రేమకు ప్రమాణంగా తీసుకున్నాడన్నమాట. పదిహేనవ శతాబ్దికి చెందిన అనంతామాత్యుని భోజరాజీయంలోని గోవ్యాఘ్ర సంవాదం తెలుగువారికి చిరపరిచితం. పులి నోట చిక్కిన ఆవు దూడకు పాలిచ్చి వస్తానని వేడుకొని, మాట ప్రకారం తిరిగి రావడం ఆ కథ. అక్కడ ఆవు ప్రేమ దూడ మీద, నిష్ఠ సత్యం మీద. ఆవును పెంచిన మనిషికి ఆ కథలో ప్రధాన స్థానం లేదు. పశువులో ప్రేమ ఉందని సాహిత్యం సందేహం లేకుండా ఒప్పుకుంది. ఆ ప్రేమ మనిషి వైపు తిరుగుతుందా అన్న ప్రశ్నను మాత్రం అది ప్రధానంగా తీసుకోలేదు.

ఆ ప్రశ్నకు తెలుగువారి సమాధానం ‘మచ్చిక’, ‘మాలిమి’ అన్న దేశ్య పదాలలో దొరుకుతుంది. ఈ రెండు మాటలకూ స్నేహం, చనువు అన్న అర్థం ఉంది. బెదిరే జంతువును సాధువుగా చేసుకోవడం అన్న అర్థమూ ఉంది. లొంగదీయడం వేరు, మచ్చిక చేసుకోవడం వేరు అన్న భేదం వాడుకలో నేటికీ స్పష్టం. ముకుతాడు వేసి లొంగదీయవచ్చు, ముకుతాడుతో మచ్చిక రాదు. మచ్చికను ‘చేసుకోవాలి’, అది ‘అవుతుంది’, పట్టించుకోకపోతే ‘పోతుంది’ కూడా. అంటే అది పశువులో ముందే ఉన్న సొత్తు కాదు, కాలక్రమంలో ఇద్దరి మధ్య ఏర్పడే సంబంధం. ఈ భావనను ప్రమాణంగా పెట్టుకొని పాశ్చాత్య వాదాలను, ఆధునిక ప్రయోగాలను చూస్తే అవి ఎక్కడ దీనితో కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో తెలుస్తుంది.

3. యంత్రం నుంచి జన్మసిద్ధమైన ఇష్టం వరకు

ఐరోపాలో ఈ చర్చకు ఒక కొసన రెనే డెకార్ట్ నిలుస్తాడు. 1637లో వెలువడిన తన గ్రంథంలో ఆయన జంతువుల చేష్టలను యంత్రపు కదలికలతో పోల్చాడు. భాష, ఆలోచన లేని జీవులలో మనిషికున్నటువంటి ఆత్మ లేదన్నది ఆయన వాదం. ఈ దృష్టిలో ఆవు మనిషి దగ్గరికి రావడానికీ, గడియారం ముల్లు తిరగడానికీ తాత్త్వికంగా పెద్ద భేదం లేదు. నూరేళ్ల తరువాత డేవిడ్ హ్యూమ్ 1739-40లో ప్రచురించిన గ్రంథంలో జంతువుల ప్రేమద్వేషాలకు ప్రత్యేకంగా ఒక ప్రకరణం కేటాయించాడు. జంతువుల ప్రేమ తమ జాతికే పరిమితం కాదని ఆయన అభిప్రాయం. అయితే ఆయన ఇచ్చిన ముఖ్య ఉదాహరణ కుక్క. తరువాతి చర్చలోనూ కుక్కకు దక్కిన స్థానం పశువుకు దక్కలేదు.

పశువులను దగ్గరగా చూసి ఈ విషయం రాసినవారిలో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒకరు. నేటి నమీబియా ప్రాంతంలో 1850-52 మధ్య ఎడ్లపై ప్రయాణించిన అనుభవం ఆయనకుంది. 1865లో పశువుల మచ్చికను గురించి రాసిన వ్యాసంలో, ఒక జంతువు పెంపుడు జంతువు కావాలంటే ఉండవలసిన లక్షణాలను ఆయన జాబితాగా ఇచ్చాడు. గట్టి శరీరం, సుఖాపేక్ష, ఉపయోగం, బంధనంలో సంతానోత్పత్తి, సులభంగా కాచుకోగలగడం, వీటితో పాటు మనిషి పట్ల జన్మసిద్ధమైన ఇష్టం అందులో ఉన్నాయి. అదే గాల్టన్ ఆఫ్రికా ఎడ్లను గురించి రాస్తూ, ఎద్దుకు తోటి ఎడ్లపై విడివిడిగా పెద్ద ఆప్యాయత లేదని, అయినా మంద నుంచి క్షణకాలం విడిపోయినా తట్టుకోలేదని గమనించాడు. ఈ పరిశీలన 1883 నాటి ఆయన గ్రంథంలోనూ చోటు చేసుకుంది. మనిషిని పుట్టుకతో ఇష్టపడే జంతువు తోటి జంతువును విడిగా పట్టించుకోదనడంలో ఒక వైరుధ్యం ఉంది. ఆయన చూసిన ఎడ్లు ప్రయాణానికి వాడినవి, మందలుగా తోలుకుపోయినవి. ఆ పరిస్థితులలో వ్యక్తిగతమైన చనువు కనబడే అవకాశం ఎంత ఉందన్న ప్రశ్న ఆయన జాబితాలో లేదు.

చార్లెస్ డార్విన్ 1872లో మనుషులలోనూ జంతువులలోనూ భావ వ్యక్తీకరణను గురించి గ్రంథం రాసి, భావోద్వేగాలకు పరిణామ చరిత్ర ఉందని స్థాపించాడు. దీని తరువాత జంతువులకు మనిషి భావాలన్నీ అంటగట్టే ధోరణి పెరగడంతో, 1894లో సి. లాయిడ్ మోర్గన్ ఒక నియమం ప్రతిపాదించాడు. సరళమైన మానసిక ప్రక్రియతో వివరించగల చేష్టను అంతకంటె ఉన్నతమైన ప్రక్రియకు ఆపాదించరాదన్నది దాని సారం. ఈ నియమం విజ్ఞానానికి మేలు చేసింది. అయితే దాని పేరుతో తరువాతి తరం శాస్త్రజ్ఞులు ఆప్యాయతను అడగదగిన ప్రశ్నగానే భావించలేదు. పాలేరు మాట, కాపరి మాట కేవలం భావుకతగా మిగిలిపోయాయి.

4. ప్రయోగశాల చెప్పినది

ఇరవయ్యవ శతాబ్దపు చివరి మూడు దశాబ్దాలలో ఈ ప్రశ్న మరో దారిలో తిరిగి వచ్చింది. ఒకే జాతి పశువులు, ఒకే మేత ఉన్న డెయిరీలలో పాల దిగుబడి ఎందుకు మారుతోందన్న ఆర్థిక ప్రశ్నే దానికి మూలం. బ్రిటన్‌లో ఎం. ఎఫ్. సీబ్రూక్, ఆస్ట్రేలియాలో పాల్ హెమ్స్‌వర్త్, ఆయన సహచరులు పశువులను చూసుకునే మనిషి తీరుకూ, పశువుల బెదురుకూ, పాల దిగుబడికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించారు. మనిషిని చూసి ఎక్కువగా బెదిరే మందలలో దిగుబడి తక్కువగా ఉండడం కనిపించింది.

తరువాతి పరిశోధనలు మరికొంత లోతుకు వెళ్లాయి. డెన్మార్క్‌లో లేనే ముంక్స్‌గార్డ్, కెనడాలో జెఫ్రీ రషెన్, ఆన్-మరీ ద పాసియే కలిసి చేసిన ప్రయోగాలలో, ఆవులు తమతో మృదువుగా మెలిగిన మనిషినీ కఠినంగా మెలిగిన మనిషినీ వేరుచేసి గుర్తించాయి. కఠినంగా మెలిగిన వ్యక్తి కేవలం దగ్గర నిలబడినా పొదుగులో మిగిలిపోయే పాలు పెరిగినట్టు 1999లో వెలువడిన ఫలితాలు చూపాయి. గుర్తించడానికి ఆవులు ముఖాన్ని మాత్రమే ఆధారం చేసుకోవని, దుస్తుల రంగు, మనిషి ఎత్తు వంటి గుర్తులను కలిపి వాడుకుంటాయని ఇతర ప్రయోగాలు తెలిపాయి. పైన చెప్పుకున్న మూడు లక్షణాలలో మొదటిది, అంటే వ్యక్తిని వేరుగా గుర్తించడం, ఇలా రుజువైంది.

మిగిలిన రెండింటికి వియన్నాలో సుసాన్నె వైబ్లింగర్ బృందం చేసిన పని ముఖ్యమైనది. ఆవులు ఒకదానినొకటి నాకేటప్పుడు ఎక్కువగా ఎంచుకొనే శరీర భాగాలు మెడ, మూపు ప్రాంతాలు. ఆ భాగాలను మనిషి చేతితో నిమిరినప్పుడు ఆవులు మెడ చాచడం, చెవులు వేలాడదీయడం, అలా నిమిరిన తరువాత మనిషి దగ్గరికి రావడానికి ఎక్కువ సుముఖత చూపడం 2008లో ప్రచురితమైన అధ్యయనాలలో నమోదైంది. గంగడోలు కింద గోకితే ఆవు మెడ చాచి నిలబడుతుందన్న సంగతి తెలుగు రైతుకు కొత్తది కాదు. ఆ చర్య పశువుల తమ సొంత స్నేహ భాషలో ఒక భాగమన్న వివరణ మాత్రం కొత్తది. మూపురం గల పశువుల మందను కెన్యాలో ఏళ్ల తరబడి గమనించిన రైన్‌హార్ట్ దంపతులు 1981లో ఆ పశువుల మధ్య నాకుడు జతలు, మేత జతలు దీర్ఘకాలం నిలుస్తాయని చూపారు. తోటి పశువుపై విడిగా ఆప్యాయత లేదన్న గాల్టన్ అభిప్రాయం దీనితో నిలవదు. మనిషి తన చేతితో ఈ జత సంబంధంలోకి ప్రవేశిస్తున్నాడని భావించవచ్చు.

పేరు పెట్టి పిలవడాన్ని గురించిన ఒక అధ్యయనం తరచుగా ఉటంకించబడుతోంది. న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ బెర్టెన్‌షా, పీటర్ రౌలిన్‌సన్ 2009లో బ్రిటన్‌లోని 516 మంది పాడి రైతులను ప్రశ్నించి, ఆవులను పేరుతో పిలిచే చోట ఏడాదికి సగటున 258 లీటర్లు ఎక్కువ పాలు వస్తున్నాయని తెలిపారు. దీనిని జాగ్రత్తగా చదవాలి. పేరు వల్లనే పాలు పెరిగాయని ఇది రుజువు చేయదు. పేరు పెట్టే రైతు ఇతర విషయాలలోనూ శ్రద్ధ కలవాడై ఉండవచ్చు. పుల్ల, బొల్లి, కపిల, మైల వంటి పేర్లతో పశువును పిలిచే తెలుగువారి అలవాటు కూడా ఇటువంటి శ్రద్ధకు గుర్తేగాని స్వయంగా కారణం కాకపోవచ్చు.

5. రెండు జాతులు, రెండు పెంపకాలు

ప్రయోగశాలలో కొన్ని వారాలలో చూసిన దానిని చరిత్ర శతాబ్దాల మేర చూపగలదా? దక్షిణ భారతంలోని రెండు ప్రసిద్ధ జాతులను పక్కపక్కన పెడితే చూపగలదని తెలుస్తుంది.

గుండ్లకమ్మ, మూసీ నదుల మధ్య ప్రాంతం ఒంగోలు జాతికి పుట్టినిల్లు. అక్కడ పెంపకం రైతు ఇంటి ముంగిట జరిగేది. దూడను కట్టుకొయ్యకు కట్టి, చొప్ప కోసి వేసి, తవుడు, చిట్టు కలిపిన కుడితి పెట్టి చేతి కింద పెంచేవారు. చనిపోయినవారి పేరిట ముద్ర వేసి వదిలిన ఆంబోతు ఊళ్లో స్వేచ్ఛగా తిరిగేది, ఊరంతా దానికి మేత పెట్టేది. ఆంగ్లేయ ప్రభుత్వ కాలపు పశు వర్ణనలు ఈ జాతిని భారీ శరీరం, తెల్లని రంగు, పొడవైన గంగడోలుతో పాటు సాధు స్వభావానికీ మెచ్చుకున్నాయి. ఆ స్వభావాన్ని అవి రంగు, కొమ్ము వలె జాతి లక్షణంగానే పట్టికలో చేర్చాయి.

మైసూరు సంస్థానపు అమృతమహల్ చరిత్ర వేరు. చిక్కదేవరాజ ఒడెయరు కాలంలో ‘బెణ్ణె చావడి’ పేరుతో ఏర్పడి, టిపు సుల్తాన్ కాలంలో అమృతమహల్‌గా పేరు మార్చుకున్న ఈ శాఖ సైన్యానికి, ఫిరంగులు లాగడానికి ఎడ్లను సమకూర్చేది. ఈ పశువులు ‘కావల్’ అనే విశాలమైన గడ్డి భూములలో మందలుగా పెరిగేవి. ఎదిగే వయసులో మనిషి చేయి వాటికి అరుదుగా తగిలేది. కాడి మరపడం పెరిగి పెద్దయిన తరువాతే. వేగానికీ ఓర్పుకూ ఇవి ఎంత పేరు పొందాయో, కొత్తవారిని దగ్గరికి రానివ్వని దుడుకుతనానికీ అంత పేరు పొందాయి. 1953లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రచురించిన జోషి, ఫిలిప్స్‌ల గ్రంథం వంటి వర్ణనలలో ఇదీ జాతి లక్షణంగానే స్థిరపడింది.

రెండు జాతుల భేదం పూర్తిగా రక్తంలోనే ఉందా, పెంపకంలోనూ ఉందా అన్నది తేలాలంటే ఒకే జాతి రెండు పెంపకాలలో ఎలా ఉంటుందో చూడాలి. అటువంటి ఉదాహరణ బ్రెజిల్‌లో ఉంది. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేవరకు నెల్లూరు జిల్లాలో భాగం. అందుకే బ్రెజిల్‌కు చేరిన ఒంగోలు పశువులు అక్కడ ‘నెలోరె’గా స్థిరపడ్డాయి. పంతొమ్మిదవ శతాబ్ది రెండవ సగంలో మొదలైన ఈ దిగుమతి 1930లోనూ, 1960ల తొలి ఏళ్లలోనూ పెద్ద ఎత్తున సాగింది. ఇరవై కోట్లకు మించిన బ్రెజిల్ పశుసంపదలో నేడు అత్యధిక భాగం నెలోరె లేదా దాని సంకరమే. అక్కడ అవి మాంసం కోసం విశాలమైన బీళ్లలో వేల సంఖ్యలో పెరుగుతాయి. తూకం, టీకా, ముద్ర వంటి నొప్పి కలిగించే పనులప్పుడే వాటికి మనిషి ఎదురవుతాడు. ఒంగోలులో సాధువుగా పేరొందిన జాతి సంతతే అక్కడ బెదురుకు పేరు పొందింది.

ఈ ఉదాహరణను అతిగా సాగదీయకూడదు. బెదురులో వంశపారంపర్యపు పాలు కొంత ఉందని నెలోరె పశువులపైనే జరిగిన కొలతలు చెబుతున్నాయి. మాంసం కోసం జరిగిన ఎంపిక వల్ల జాతిలోనూ మార్పులు వచ్చి ఉంటాయి. అయినా సావో పావ్లో రాష్ట్ర విశ్వవిద్యాలయపు జబోతికబాల్ ప్రాంగణంలో మాతెయుస్ పరాన్యోస్ ద కోస్తా బృందం దశాబ్దాలుగా చేస్తున్న పని, అరుపులు, కర్ర దెబ్బలు మానిన చోట, పుట్టిన నాటి నుంచి దూడలతో మృదువుగా మెలిగిన చోట పశువుల బెదురు తగ్గించవచ్చని చూపుతోంది. ఫ్రాన్స్‌లో బ్వాసీ, బుయిసూ 1988లో ప్రచురించిన పరిశోధన సారాంశమూ ఇదే: చిన్నతనం నుంచి ఎక్కువ కాలం చేతి పరిచయం ఉన్న పెయ్యలు మనిషిని చూసి తక్కువ జంకుతాయి. జాతి లక్షణంగా పట్టికలకెక్కిన ‘సాధు స్వభావం’లో పెద్ద భాగం ఒంగోలు ప్రాంతపు ఇళ్లలో పనిచేసిన చేతుల ఫలితమని దీనినిబట్టి భావించవచ్చు.

6. సాక్ష్యాలను తూచడం

ఇంతవరకు వచ్చిన నిర్ణయం పశువు ఆప్యాయతను గురించి చెప్పుకొనే ప్రతి కథనూ సమర్థించదు. అమ్మిన ఎద్దు తాడు తెంపుకొని పాత ఇంటికి వచ్చిందన్న కథ దాదాపు ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. దీనికి కనీసం నాలుగు వివరణలు సాధ్యం. ఎద్దు పాత యజమాని కోసం రావచ్చు. అలవాటైన చోటు కోసం రావచ్చు. దొడ్డిలోని మంద కోసం రావచ్చు. ఏళ్ల తరబడి దాపటా వెలపటా కలిసి నడిచిన జత ఎద్దు కోసం రావచ్చు. పశువుకు ఒంటరితనం తీవ్రమైన బాధ అన్నది గాల్టన్ గమనించిన విషయమే, తరువాతి ప్రయోగాలూ దానిని బలపరిచాయి. కొత్త ఇంట మేత ముట్టకపోవడమూ ఈ దృష్టితోనే చూడాలి. పాత మనిషి కొత్త ఇంటికే వచ్చి నిలబడినప్పుడు ఎద్దు నెమ్మదించిందా అన్నదే నిర్ణయాత్మకమైన సాక్ష్యం. నోటి చరిత్ర సేకరించేవారు అడగవలసిన ప్రశ్న అది.

గంగిరెద్దు ఆట మరో ఉదాహరణ. తల ఊపడం, మోకరిల్లడం, ఆడించేవాని గొంతుకు బదులివ్వడం చూసేవారికి ఆప్యాయతగా తోస్తాయి. ఇవి ముఖ్యంగా శిక్షణ ఫలితాలు. శిక్షణలో దండన ఎంత, లాలన ఎంత అన్నది ఆటను చూసి చెప్పలేము. అయితే వాద్యాల మోతలో, గుంపు నడుమ ఆ ఎద్దు బెదరకుండా నిలబడడం వేరే విషయం. నిరంతర సహవాసం లేకుండా అది సాధ్యం కాదు.

ఆవు చేపడం అన్నిటికంటె క్లిష్టమైన సాక్ష్యం. మూపురం గల జాతులలో దూడ దగ్గర లేనిదే పాలు చేపడం కష్టమన్నది అందరికీ తెలిసినదే. దూడ చనిపోతే దాని తోలులో గడ్డి కూరి ఆవు ముందు నిలబెట్టే పద్ధతి ఉండేది. ఆవు వాత్సల్యాన్ని మనిషి తన అవసరానికి వాడుకొన్న తీరు ఇందులో నగ్నంగా కనిపిస్తుంది. తన చేతికి తప్ప ఆవు చేపదని పాలు పితికే మనిషి చెప్పినప్పుడు, అది ఆప్యాయతా, అలవాటా, కొత్త చేతి బెదురు లేకపోవడమా అన్నది విడదీయడం కష్టం. బహుశా పశువు విషయంలో ఈ మూడింటినీ పూర్తిగా విడదీయనవసరం లేదు. బెదురు లేకపోవడంతోనే చనువు మొదలవుతుంది. మచ్చిక అన్న మాట ఈ మూడింటినీ కలుపుకొనే ఉంది.

పశువుకు నొప్పి ఉందని చట్టం ఒప్పుకొన్నది. 1890 నాటి క్రూరత్వ నిరోధక చట్టం, దాని స్థానంలో వచ్చిన 1960 చట్టం ఇందుకు నిదర్శనాలు. పశువు ఒక మనిషి నుంచి విడిపోవడంలో నష్టం ఉండవచ్చన్న ఆలోచనను ఆ చట్టాల ప్రధాన దృష్టిలో వెతికినా దొరకదు. సంతలో చేతులు మారే పశువు ధరలో దానికి చోటు లేదు.

7. మచ్చిక ఎవరితో?

పశువు తనను తాకిన చేతిని గుర్తిస్తుందన్నది స్థిరపడిన విషయమైతే, చరిత్రకారుని ముందు మరో ప్రశ్న నిలుస్తుంది. ఆ చేయి ఎవరిది? దస్త్రాలలో పశువు యజమాని పేరిట ఉంటుంది. ప్రదర్శనలో బహుమతి యజమానికి వస్తుంది. బండలాగుడు పోటీలో మైకులో వినిపించేదీ యజమాని పేరే. కానీ పెద్ద కమతాలలో మేత వేసింది పాలేరు. బీడుకు తోలుకుపోయింది జీతానికి కుదిరిన పిల్లవాడు. కుడితి పెట్టింది, పేడ తీసింది, చాలా ఇళ్లలో పాలు పితికింది స్త్రీలు. తెలంగాణలో అప్పు కింద తరాల తరబడి దొరల ఇళ్లలో పనిచేసిన భగేలాల పరిస్థితిని నియంత్రించడానికి నిజాం ప్రభుత్వం 1936లో ప్రత్యేక నిబంధన తేవలసి వచ్చింది. ఆ భగేలాల పనిలో పశువుల పని ప్రధానమైనది.

యజమాని దొడ్డిలోకి వచ్చినప్పుడు లేచి నిలబడిన ఎద్దు, పాలేరు వచ్చినప్పుడు నెమరు ఆపకుండా పడుకొనే ఉంటే, ఆ రెండు చేష్టలలో మచ్చికకు గుర్తు రెండవదే. ఆరాధన, లెక్క అన్న రెండు భాషలూ ఈ భేదాన్ని నమోదు చేయలేదు. ‘రైతుకూ పశువుకూ ఉన్న అనుబంధం’ అన్న వాక్యం మన వ్యాసాలలో తరచుగా కనిపిస్తుంది. ఆ వాక్యంలోని రైతు ఎవరో తేల్చకుండా దానిని వాడడం, పాలేరు సంపాదించుకొన్న ఒకే ఒక్క ఆస్తిని కూడా యజమాని ఖాతాలో జమచేయడమే అవుతుంది. భూమి, పంట, పశువు ఏవీ తనవి కాని మనిషికి పశువు మచ్చిక మాత్రం తనదిగా ఉండేది. సంతకు తోలినప్పుడు దానినీ పోగొట్టుకున్నది అతడే. అమ్మకపు నిర్ణయంలో అతనికి పాలు లేదు.

ఈ మాటను పాలేరు జీవితానికి ఒక మెరుగుగా చదవరాదు. వెట్టి కింద చేసిన పని ఆప్యాయత వల్ల న్యాయమైనది కాదు. అతని నైపుణ్యం ఏమిటో, దాని ఫలితం ఎవరికి చేరిందో చెప్పడానికే ఈ పరిశీలన. ఒంగోలు జాతి సాధు స్వభావానికి విపణిలో వచ్చిన విలువలో లెక్కకెక్కని శ్రమ ఉంది. ఆ శ్రమ చేసినవారి పేర్లు ఏ మంద చరిత్రలోనూ సులభంగా దొరకవు. పశువు వంశావళి దొరుకుతుంది, దానిని పెంచిన మనిషి పేరు దొరకదు.

8. ఉపసంహారం

పశువుకు పెంచిన మనిషిపై ఆప్యాయత ఉండగలదన్నది ఈ పరిశీలన సారాంశం. అది మనిషి జాతి మొత్తం మీద పుట్టుకతో వచ్చే ఇష్టం కాదు. ఒక చేయి, ఒక గొంతు, ఒక నడక తీరు మీద రోజురోజుకూ ఏర్పడేది. బెదురులో వంశపారంపర్యానికి పాలు ఉన్నా, ఆ బెదురు చనువుగా మారడం పెంపకం మీద ఆధారపడి ఉంది. గాల్టన్ జాబితాలో జన్మసిద్ధమైన ఇష్టంగా, పశు పట్టికలలో జాతి లక్షణంగా నిలిచినదానిని తెలుగు భాష మచ్చిక అని పిలిచి, చేసుకోవలసినదిగా గుర్తించింది.

పరిశోధనకు సంబంధించి దీని పర్యవసానం తక్షణమైనది. దేశంలో మగ పశువుల సంఖ్య 2012లో సుమారు 6.79 కోట్లు ఉండగా, 2019 గణన నాటికి సుమారు 4.74 కోట్లకు తగ్గింది. ఏడేళ్లలో దాదాపు 30 శాతం తగ్గుదల ఇది. ట్రాక్టరు రాకతో అరక తోలిన తరం వృద్ధాప్యంలో ఉంది. పాడిలోనూ మందలు పెద్దవవుతున్న కొద్దీ, పితికే యంత్రం వచ్చిన కొద్దీ చేతి పరిచయం తగ్గుతోంది. గణన పట్టిక పశువుల తగ్గుదలను చూపుతుంది, మచ్చిక తగ్గుదలను చూపదు.

కాబట్టి గ్రామీణ చరిత్రపై క్షేత్ర పరిశోధన చేసేవారు పాలేర్లను, పశువులు కాసినవారిని, పాలు పితికిన స్త్రీలను ఆప్యాయత ఉందా లేదా అని కాక, వివరాలు అడగవలసి ఉంది. దూడను ఏ వయసులో చేతికి అలవాటు చేశారు, ఎక్కడ నిమిరేవారు, ఏ పిలుపుకు ఏ పశువు వచ్చేది, అమ్మిన తరువాత దానిని మళ్లీ చూశారా, చూసినప్పుడు అది ఏమి చేసింది అన్నవి అటువంటి ప్రశ్నలు. వాటికి సమాధానం చెప్పగలిగినవారు ఇంకా ఉన్నారు. దస్త్రాలు ఆ పని వారి నుంచి ఎన్నడూ కోరలేదు.